మిద్దె మీది పొయ్యి, కొట్టంలో పొయ్యి

నల్లబండపల్లె ఆడవాళ్లు ఎండాకాలంలో పొద్దున పదింటికి పొయ్యి వెలిగిస్తే సాయంత్రం ఐదు దాకా ఆర్పరని ప్రపంచం రెండేళ్లపాటు నమ్మింది. ప్రపంచమంటే మరీ అందరూ కాదు. వాతావరణ లక్ష్యాలు ఎంతవరకు నెరవేరాయో లెక్కగట్టే ఒక సంస్థ, దానికి నిధులిచ్చే ఒక విదేశీ కంపెనీ, ఆ లెక్కల్ని రంగురంగుల గీతలుగా గీసే హైదరాబాదు ఆఫీసు. ఈ ముగ్గురి దృష్టిలో ఆ ఊళ్లో అందరికంటే ఎక్కువ వంట చేసే మనిషి మౌలాబీ. ఆమె పొయ్యి రోజుకు ఏడు గంటలు మండేది. రంజాన్ నెలలో ఉపవాసాలున్నప్పుడు కూడా ఏడు గంటలే మండింది. దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. నిబద్ధత అనుకున్నారు.

మౌలాబీ వంట చేసే మాట నిజమే. కాకపోతే ఆ వంట కోడికూతకు మొదలై ఎండ ముదరకముందే అయిపోతుంది. జొన్నరొట్టెలు చేసి కోయిలకుంట్ల బస్టాండు దగ్గరి హోటళ్లకు పొద్దున ఆటోలో పంపుతుంది. పదింటికల్లా ఆమె కొట్టంలో పొయ్యి ఆరిపోతుంది, ఆమె గడప మీద కూర్చుని దగ్గుతూ ఉంటుంది. ఆ వేళకు మండుతున్నట్టు లెక్కకెక్కిన పొయ్యి వేరు. అది మిద్దె మీద ఉంది.

బద్వేలు పక్కనుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మౌలాబీకి రొట్టె తట్టడం రాదు. అత్త నేర్పింది, తిడుతూ నేర్పింది. అత్త కట్టుకున్న పొయ్యి పొగంతా మనిషి ముఖం మీదికే తోలేది. ఆమె బతికున్నంతకాలం దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆమె పోయాక నలభయ్యోరోజు ఫాతెహా ముగిసిన మర్నాడే మౌలాబీ గడ్డపార తీసుకుని ఆ పొయ్యిని పెకలించింది. వంకలోంచి ఎర్రమట్టి తెచ్చి, శనగపొట్టు, పేడ కలిపి, కాళ్లతో తొక్కి, పెనం ఆనడానికి మూడు గడ్డలు పెట్టి కొత్త పొయ్యి కట్టింది. పొగ తగ్గింది, పోలేదు. ఆమె మాత్రం తన పొయ్యికి పొగే రాదని చెబుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు మధ్యలో రెండుసార్లు దగ్గుతుంది.

అప్పటినుంచి ఊళ్లో ఎవరికి పొయ్యి కావాలన్నా ఆమెనే పిలుస్తారు. పిలవని ఇంటికి కూడా పోయి, వాళ్ల పొయ్యి నోరు వంకరగా ఉందని చెప్పి వస్తుంది. మొగుడు దాదా ఖలందర్ నాపబండలు పరిచే మేస్త్రి. ఊళ్లో సగం మిద్దెలు ఆయన పరిచినవే. మోకాళ్లు అరిగాక పని మానేసి అరుగు మీద కూర్చుంటున్నాడు. భార్య పొయ్యిల గురించి, తన మిద్దెల గురించి వచ్చేపోయేవాళ్లకు చెప్పడం ఇప్పుడాయన పని.

ఇంట్లో గ్యాసు సిలిండరు ఉంది. దానికి పువ్వుల గుడ్డ కప్పి ఉంటుంది. చాయకు, చుట్టాలకు వాడతారు. హోటళ్లకు పోయే రొట్టెలన్నీ దాని మీద కాల్చుకుంటూ కూర్చుంటే సిలిండరు వారం తిరక్కుండా అయిపోతుంది. కాబట్టి కట్టెలు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, పొయ్యి ముందర కూర్చోవడం మానేయమని చెప్పింది. మౌలాబీ తలూపి, దగ్గు మందు సీసా తెచ్చుకుని, పొయ్యి ముందరే పెట్టుకుంది.

ఇట్లాంటి ఇళ్లకోసమే వసంతకుమార్ వచ్చాడు. సంస్థకు ఆ మండలంలో అతనే మనిషి. పదిహేడు రంగుల చక్రం అచ్చేసిన చొక్కా తొడుక్కుని, అరుగుల మీద ఆడవాళ్లను కూర్చోబెట్టి, 2030 కల్లా చేరాలని ప్రపంచ దేశాలన్నీ పదిహేడు లక్ష్యాలు పెట్టుకున్నాయని వివరించాడు. వాటిలో తాగునీళ్లు ఎన్నోదని దాదా ఖలందర్ అడిగాడు. ఆరోది అన్నాడు వసంతకుమార్, దానికి వేరేవాళ్లు వస్తారని కూడా అన్నాడు. వాళ్లు ఇంకా రాలేదు.

ఇంటికొక ఇనుప పొయ్యి ఇచ్చారు. బకెట్టంత ఎత్తు, చూడ్డానికి కనిపించేదానికంటే మూడింతలు బరువు. దాంట్లో కట్టె వేలెడు ముక్కలుగా నరికి వేయాలి. పొగ తక్కువ, కట్టె ఆదా. పక్కన అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ ఒకటి బిగించి ఉంది. పొయ్యి వేడెక్కితే అది గుర్తుపెట్టుకుంటుంది. వసంతకుమార్ ఫోను పట్టుకుని వీధిలో నడిస్తే ఆ లెక్కంతా ఫోనులోకి వస్తుంది. వంట జరిగినన్ని గంటలకు ఇంత పొగ తగ్గినట్టు, ఇంత అడవి మిగిలినట్టు లెక్క. ఆ మిగులును విదేశీ కంపెనీ తన పొగకు బదులుగా చూపించుకుంటుంది. ఎంత వేడికి వంట జరిగినట్టో తేల్చింది ఒక చలిదేశపు ప్రయోగశాల.

మౌలాబీ ఆ పొయ్యిని ఒకేఒకసారి వెలిగించింది. పెనం ఒక పక్కకు ఒరిగింది. రొట్టె నడుమ మాడింది, అంచులు పచ్చిగా ఉండిపోయాయి. ఆ రొట్టె దాదా ఖలందర్ తిన్నాడు. పొయ్యి మూలకు చేరింది.

దానికి అసలు ఉపయోగం కనిపెట్టింది పక్కింటి ప్రేమజ్యోతి. ఆమె వడియాలు పెట్టి అమ్ముతుంది. రెండిళ్లకూ కలిపి ఒకటే మిద్దె, నాపబండలది. మిద్దె మీద పాత చీర పరిచి వడియాలు పెడితే గాలికి చీర ఎగిరి వడియాలన్నీ ఒకదాని మీద ఒకటి పడేవి. రాళ్లు పెడితే జరిగేవి. ఇనుప పొయ్యి జరగదు. తనదొకటి, మౌలాబీదొకటి, ఎదురిళ్లవి రెండు కలిపి చీర నాలుగు మూలలా పెట్టింది. చీర కదల్లేదు. వారం తిరిగేసరికి వీధిలో పొయ్యిలన్నీ మిద్దెలెక్కాయి. కొన్నింటి కింద వడియాలు, కొన్నింటి కింద మిరపకాయలు.

ఆ ప్రాంతపు ఎండలో నాపబండ మీద నల్లటి ఇనుము పెడితే ఏమవుతుందో చలిదేశంలో ఎవరికీ తట్టలేదు. పదిగంటలకు డబ్బీలన్నీ వంట మొదలైందని రాసుకునేవి, ఐదుకు ముగిసిందని రాసుకునేవి. ఏప్రిల్, మే నెలల్లో నల్లబండపల్లె రాష్ట్రంలోనే ముందు వరసలో నిలిచింది. ఇంతసేపు ఏం వండుతారని హైదరాబాదు ఆఫీసులో ఎవరికో అనుమానం వచ్చింది. కందులు, శనగలు సన్నటి సెగ మీద పొద్దంతా ఉడికించడం అక్కడి సంప్రదాయమని ఇంకెవరో జవాబు రాశారు. ఆ జవాబు తర్వాత ఒక సభలో తెర మీద కనిపించింది.

వానలు పడ్డాక గీత కిందికి జారింది. ముసురు పట్టినన్నాళ్లు నేల మీదే పాకింది. అలవాటు మార్చుకున్న ఆడవాళ్లు వానాకాలంలో మళ్లీ పాతదారి పడుతున్నారని నివేదిక బాధపడింది. చైతన్యం తేవడానికి కడప నుంచి ఒక వీధి నాటకం బృందాన్ని పంపారు. వాన పడుతూనే ఉండడంతో నాటకం చర్చి వరండాలో వేశారు. ఆడవాళ్లంతా పోయి చూశారు. బాగుందన్నారు. కార్తీకంలో ఎండలొచ్చాక గీత పైకి లేచింది. నాటకం పనిచేసిందని రాసుకున్నారు.

సంగతి వసంతకుమార్‌కు తెలిసింది మరుసటి ఎండాకాలంలో. ఒకరోజు ఫోనుకు డబ్బీల సిగ్నలు అందక, పైనుంచి దొరుకుతుందేమోనని ప్రేమజ్యోతి మిద్దె ఎక్కాడు. వడియాల చుట్టూ కాపలా కూర్చున్నట్టు పొయ్యిలున్నాయి. ఒకదాని మీద చెయ్యిపెట్టి చురుక్కుమని తీసుకున్నాడు. కిందికి దిగి, ప్రేమజ్యోతి ఇచ్చిన మజ్జిగ తాగి, వడియాలు బాగా ఎండాయని చెప్పి వెళ్లిపోయాడు. అతని ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే రకం. ఆ ఏడాది పొడిగించారు, మెచ్చుకుంటూ పొడిగించారు.

మంచి పేరుతో వచ్చే చిక్కు ఏమంటే, అది అక్కడితో ఆగదు. నల్లబండపల్లెను పొగలేని గ్రామంగా ప్రకటించాలని పైన తీర్మానించారు. కొత్త పొయ్యిలు అంతగా వాడుతున్నప్పుడు పాతవాటితో పనేముంది? ఇంటింటా మట్టిపొయ్యి పగలగొట్టి, పగిలినదాన్ని ఫొటో తీసి ఎక్కిస్తే లక్ష్యం పూర్తయినట్టు. తేదీ కూడా పెట్టారు. ఆ కబురు మోసుకుని వసంతకుమార్ మొదట వచ్చింది మౌలాబీ ఇంటికే. అందరికంటే ఎక్కువ గంటలు ఆమెవి గదా, మొదటి పొయ్యి ఆమెదే పగలాలి.

మౌలాబీ పిండి చేతులతోనే బయటికొచ్చింది.

"మీ పొయ్యి మీద నేను చాయ గూడా కాంచల్యాదప్పా" అంది.

వసంతకుమార్ ఫోను చూపించాడు. "రోజుకు ఏడు గంటలు వాడినట్టుంది పెద్దమ్మా. ఊళ్లో నువ్వే ఫస్టు."

"ఎవురు జెప్పినారు?"

"డబ్బీ."

"పిలువు దాన్ని. నా ముందర చెప్పమను."

అరుగు మీద దాదా ఖలందర్ నవ్వాడు. వసంతకుమార్ నవ్వలేదు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, పొయ్యిలు మిద్దె మీదున్నాయని తనకు తెలుసని ఒప్పుకున్నాడు. ఇప్పుడా మాట బయటపడితే తన ఉద్యోగం పోతుంది, రెండేళ్ల లెక్కలు తప్పవుతాయి, పైవాళ్లు కూడా ఇరుక్కుంటారు. కొంచెం సర్దుకోమన్నాడు.

"నా పొయ్యి పాయె గదా. రొట్టెలు యాడ జేసేది? మీ డబ్బీ మీదనా?"

ఆమె మొండిది, తిట్టడం మొదలుపెడితే ఆపదు. ఆ రోజు మాత్రం తిట్టకుండా కొంగుకు చేతులు తుడుచుకుని ఆలోచించింది.

"నీకు కావాల్సిందేమి? పగిలిన పొయ్యి పోటోనే గదా?"

"అంతే పెద్దమ్మా."

"ఎవురి పొయ్యి, ఏం పొయ్యి అని దాంట్లో రాసుంటాదా?"

"పాత పొయ్యి అని ఉండాల."

"పాతది చేసిస్తా. పో."

మౌలాబీ జీవితంలో అంత పని ఎప్పుడూ లేదు. మట్టిపొయ్యిలు మాయం చేసే ఏడాదిలోనే ఊరికి కొత్త పొయ్యిలు అన్నిటికంటే ఎక్కువ కావాల్సి వచ్చాయి. ప్రతి ఇంటివాళ్లూ తమ పొయ్యిని కొట్టంలో దాచుకుని, వాకిట్లో పగలగొట్టడానికి ఒకటి కట్టించుకున్నారు. ఆమె తొక్కిన మట్టి, ఆమె పెట్టిన గడ్డలు. పెనాల అడుగున గీకిన మసి నూనెలో కలిపి పొయ్యి నోటికి పూసి, పాతదాన్ని చేసింది. కొందరు ఎర్ర జాజు పూసి ముగ్గు గీత కూడా పెట్టమన్నారు, ఫొటోలో బాగుంటుందని. కూలి కింద ఇంటికొక మోపు కట్టెలు అడిగింది. పొగలేని గ్రామం ప్రకటించే నాటికి మౌలాబీ కొట్టం పక్కన కంపకట్టెల కుప్ప మిద్దె అంచును తాకింది. తనింటి ముందర కూడా ఒకటి కట్టుకుంది. ఎవరినీ నమ్మక, అందరికంటే బలంగా కట్టుకుంది.

ప్రకటన రోజు హైదరాబాదు ఆఫీసు నుంచి భువన మేడం వచ్చింది. ఆ లెక్కలన్నిటికీ పెద్ద. వెంట ఒక చిన్న గుంపు, ఫొటోలు తీసేవాళ్లు, ఫోన్లలో ఎక్కించేవాళ్లు. భోజనాలు ఊళ్లోనే, స్థానిక వంటే ఉండాలని ముందే చెప్పి పంపారు. జొన్నరొట్టె, నాటుకోడి పులుసు. ఊళ్లో అంతమందికి రొట్టెలు చేయగల మనిషి ఒకతే. కాబట్టి వసంతకుమార్ ఆ పని కూడా మౌలాబీకే చెప్పాడు. పొయ్యి పగలగొట్టే రోజున, పొయ్యి పగలగొట్టడానికి వచ్చినవాళ్లకు, ఆ పొయ్యి మీదే వంట అన్న సంగతి అతనికి రెండు రోజుల తర్వాతగానీ తట్టలేదు. అప్పటికి కోళ్లకు బయానా కూడా ఇచ్చేశాడు.

ముందురోజు సాయంత్రం ఇనుప పొయ్యిలన్నీ మిద్దెలు దించి, తుడిచి, వంటిళ్లలో పెట్టించాడు. మేడం చూస్తుంది గదా.

పగలగొట్టడం మౌలాబీ వాకిట్లోనే మొదలైంది. మేడం పక్కనున్నతను గడ్డపార ఎత్తి వేశాడు. గడ్డపార ఎగిరొచ్చింది, పొయ్యి అట్లాగే ఉంది. మళ్లీ వేశాడు. చిన్న పెచ్చు ఊడింది. ఫొటోలవాళ్లు చేతులు దించారు. మౌలాబీ ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయింది. "నేను గట్టిన పొయ్యి అంత సులువుగా పగలదులే సారూ" అంది, ముఖమంతా వెలిగిపోతూ. దాదా ఖలందర్ కర్రతో ఆమె కాలు పొడిచాడు. ఎట్లాగో పొయ్యి పగిలింది. వీధి వెంట మిగతావీ పగిలాయి. అన్నీ ఒకే కొలతలో ఉన్నాయని మేడం గమనించింది. ఈ ప్రాంతపు సంప్రదాయమని వసంతకుమార్ చెప్పాడు.

చప్పట్లయ్యాక మేడం, వసంతకుమార్ ఫోను వీధి వెంట పోగేసిన లెక్కలతో తన టాబ్ తెరిచి, ఇలాంటి రోజున గీత ఎట్లా ఉందో అందరికీ చూపించబోయింది. గీత లేదు. రెండేళ్లలో ఏ ఎండాకాలమూ లేనంత చదునుగా, నేలకు అంటుకుని ఉంది. నీడలో ఉన్న పొయ్యిలు మరి.

"ఈరోజు ఊళ్లో ఎవరూ వంట చేయలేదా?" అని అడిగింది.

పండగ సంతోషంలో అమ్మలంతా వంటలు మానుకుని ఇక్కడికే వచ్చారని వసంతకుమార్ అన్నాడు.

"మరి మన భోజనాలు?"

ఆ ప్రశ్నకు జవాబు మౌలాబీ ఇంటి వెనకనుంచి అప్పటికే లేస్తోంది. నల్లగా, మెల్లగా, కంపకట్టె పొగ. మేడం చూసింది. మేడం చూసిందని గుంపంతా చూసింది. ఆమె నడిచింది, అందరూ వెంట నడిచారు.

కొట్టంలో పొయ్యి మీద కోడి పులుసు ఉడుకుతోంది. ప్రేమజ్యోతి కళ్లు తుడుచుకుంటూ కట్టెలు లోపలికి తోస్తోంది. గడ్డపార మనిషి గుమ్మంలో ఆగి, ఎవరైనా చెబుతారేమోనని చూశాడు. వసంతకుమార్ నేలను చూశాడు. మౌలాబీ అందరినీ తోసుకుని వచ్చి పొయ్యికి అడ్డంగా నిలబడింది. ఆ పొయ్యి లేకపోతే రేపు కోయిలకుంట్ల ఆటోలో ఎక్కించేందుకు ఏమీ ఉండదు.

"పగలగొట్టేది తిన్నంకనా, తినకముందేనా?" అంది. "ముందే అయితే చెప్పండి, కూర దించుకుంటా."

మేడం పొద్దున ఎప్పుడో దారిలో రెండు ఇడ్లీలు తిని వచ్చింది. పులుసు వాసన కొట్టం నిండా ఉంది. భోజనాలు కానిద్దామంది.

మూడో రొట్టె దగ్గర ఆమెకు మార్గం దొరికింది. ఇది ఇంటి పొయ్యి కిందికి రాదు. ఇక్కడ చిరుధాన్యాల వంట జరుగుతోంది, ఒక మహిళ దాని మీద బతుకుతోంది, పాత పద్ధతి నిలబడుతోంది. కాబట్టి ఇది చిరుధాన్యాల సంప్రదాయ వంటశాల. అట్లా రాస్తే పౌష్టికాహారం లక్ష్యానికి ఒకటి, మహిళల ఉపాధికి ఒకటి కలుస్తాయి, పొగ లక్ష్యానికి నష్టం లేదు. వెంట ఉన్నవాళ్లు చేతులు కడుక్కోకుండానే ఫోన్లలో కొట్టుకున్నారు. అయితే కొలవని దాన్ని పద్దులో చూపించడం కుదరదు కాబట్టి, ఒక డబ్బీ దీనికీ బిగించమంది. వసంతకుమార్ ఒక ఇనుప పొయ్యికున్న డబ్బీ ఊడదీసి, మట్టిపొయ్యి నోటి పక్కన తీగతో కట్టాడు.

మేడంకు ఏమీ అర్థం కాలేదనుకోవడానికి లేదు. కారెక్కే ముందు వాకిట్లో పడున్న పొయ్యి పెళ్ల ఒకటి చేతిలోకి తీసుకుంది. ఏళ్ల తరబడి మండిన పొయ్యి లోపల కాలి రాయవుతుంది. ఇది పైన మసి, లోపల పచ్చి ఎర్రమట్టి. శనగపొట్టు ఇంకా పసుపుపచ్చగానే కనబడుతోంది. ఒకసారి మిద్దె అంచు దాకా ఉన్న కట్టెల కుప్ప వైపు చూసింది. పెళ్లను మెల్లగా కింద పెట్టి, చేతులు దులుపుకుని, రొట్టెలు చాలా బాగున్నాయని మౌలాబీకి చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మౌలాబీ మామూలుగానే పొయ్యి వెలిగించింది. మొదటి వాయి రొట్టెలు దిగకముందే కాలిన ప్లాస్టిక్ కంపు లేచింది. డబ్బీ కరిగి, తీగ జారి, బూడిదలో నల్లటి రేగ్గింజలాగా పడింది. ఎండకు చేసిన వస్తువది కాదు, ఎండను తట్టుకుంది. నిప్పుకోసం చేసిన వస్తువని అన్నారు, నిప్పును తట్టుకోలేదు. మౌలాబీ దాన్ని పట్టకారుతో తీసి బయట పారేసి రొట్టె తిప్పింది.

వసంతకుమార్ మళ్లీ రాలేదు. ఉద్యోగం పొడిగించారని, పక్క మండలం కూడా అప్పగించారని ప్రేమజ్యోతి వింది. డబ్బీ నుంచి ఏ కబురూ లేని వారం తర్వాత మౌలాబీ ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. ఆమెకు చదవడం రాదు. వడియాల చీర చంకన పెట్టుకుని మిద్దెకు పోతున్న ప్రేమజ్యోతిని కొట్టంలోకి పిలిచి ఫోను ఇచ్చింది. ప్రేమజ్యోతి గుమ్మం దగ్గరే నిలబడి, పొగకు కళ్లు చికిలించి, బైబిలు చదివినంత నిదానంగా చదివింది.

"మీ వంటశాలలో కట్టెల వాడకం పూర్తిగా ఆగిపోయింది. పొగ నుంచి విముక్తి పొందిన మీ కుటుంబానికి అభినందనలు."

మౌలాబీ ఏదో అనబోయింది. దగ్గు అడ్డమొచ్చింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, వంగి, చాలాసేపు దగ్గింది. పెనం మీద రొట్టె మాడుతుంటే రెండో చేత్తోనే తిప్పింది.

"మాయప్పే" అని అబ్బురపడ్డాడు బయటినుంచి దాదా ఖలందర్. "ఇంగ ఎవురూ రారులే. మన పొయ్యి ఆరిపాయె."

ఆమె దగ్గు ఆగాక, ఆ మాట ఇంకోసారి చదవమని ప్రేమజ్యోతికి చేత్తోనే సైగ చేసింది. చదివించుకుని, తలూపి, రెండు కట్టెలు లోపలికి తోసింది. పదిగంటలు కావస్తోంది. ప్రేమజ్యోతి చీర దులుపుకుంటూ మిద్దెక్కింది. మళ్లీ పైకి చేరిన పొయ్యిలు అప్పటికే వేడెక్కుతున్నాయి.